తప్పిన లెక్కా, తగ్గిన ఎదుగుదలా? 29వ వారంలో వచ్చిన ఒక తొలి గర్భం కేసు

ఈ నివేదికలోని గర్భిణి వయసు 24 ఏళ్లు, ఇది తొలి గర్భం. అత్తవారిల్లు హైదరాబాదు, పుట్టిల్లు కోనసీమ. ఏడో నెలలో సీమంతం జరిపించి పురుటికి పుట్టింటికి తీసుకువచ్చాక, అక్కడి వైద్యురాలు చేయించిన స్కానింగులో బిడ్డ కొలతలు నెలల లెక్కకు మూడున్నర వారాలు వెనుకబడి కనిపించాయి. దాంతో ఆమెను గర్భస్థ శిశు వైద్యం చూసే మా విభాగానికి పంపారు. చీటీలో ఉన్నది ఒకటే ప్రశ్న: తేదీల పొరపాటా, ఎదుగుదల లోపమా? మనిషి ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి, ఆమె అనుమతితో ఈ కేసును ఇక్కడ రాస్తున్నాను.

పరీక్షలన్నీ ముగిశాక తేలిందేమిటంటే, ఆ తేడాలో చిన్న భాగం (9 రోజులు) లెక్కది, పెద్ద భాగం బిడ్డది. ఈ రెండింటినీ విడదీయకుండా ఏ నిర్ణయం తీసుకున్నా ప్రమాదమే అయ్యేది. తేడా అంతా తేదీలదేనని సరిపెట్టుకుంటే ఆమెను ధైర్యం చెప్పి ఇంటికి పంపేవాళ్లం, బిడ్డ కడుపులోనే చనిపోయే అవకాశం ఉండేది. తేడా అంతా ఎదుగుదల లోపమేనని నమ్మి ఆమె మాతాశిశు రక్షణ కార్డులోని తేదీ ప్రకారం నడిస్తే, 32 వారాలు నిండాయనుకుని 31 వారాలైనా నిండని బిడ్డను బయటికి తీసేవాళ్లం. గర్భంలో ఆ వయసులో 9 రోజులు చిన్న విషయం కాదు.

తేదీ ఎక్కడ తప్పింది

ఆమెకు నెలసరి మొదటినుంచీ 35 నుంచి 45 రోజులకు ఒకసారి వచ్చేది. చివరి నెలసరి తేదీని రాసిపెట్టుకోలేదు, ఒక బంధువుల పెళ్లికి అటూ ఇటుగా అని గుర్తుచేసుకుని చెప్పిన తేదీనే మాతాశిశు రక్షణ కార్డులో ఎక్కించారు. చివరి నెలసరి మొదటి రోజుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపి కాన్పు తేదీ చెప్పడం వైద్యంలో పాత పద్ధతి, మన ఇళ్లలో తొమ్మిది నెలల తొమ్మిది రోజులు అనే లెక్క కూడా దాదాపు అదే. రెండూ 280 రోజులకు దగ్గరగా వస్తాయి. అయితే ఈ లెక్క నెలసరి 28 రోజులకు వస్తుందనీ, 14వ రోజుకు అండం విడుదలవుతుందనీ అనుకుని నడుస్తుంది. 40 రోజుల చక్రంలో అండం విడుదలయ్యేది ఇంచుమించు 26వ రోజున కాబట్టి, అలాంటి స్త్రీ కార్డు మీద కనిపించే వయసు కన్నా కడుపులోని బిడ్డ పన్నెండు రోజులు చిన్నదై ఉంటుంది.

హైదరాబాదులో తీసిన తొలి స్కానింగు నివేదికను ఆమె తల్లి ఒక ప్లాస్టిక్ కవరులో భద్రంగా తెచ్చింది. అందులో బిడ్డ తల నుంచి పిరుదుల వరకు పొడవు 52 మిల్లీమీటర్లు. ఆ పొడవు 11 వారాల 6 రోజుల వయసుకు సరిపోతుంది. అదే రోజున కార్డు లెక్క ప్రకారం 13 వారాల 1 రోజు. తేడా 9 రోజులు. తొమ్మిదో వారం నిండాక, పద్నాలుగో వారం నిండకముందు ఈ తేడా ఏడు రోజులు దాటితే నెలసరి తేదీని పక్కనపెట్టి స్కానింగు తేదీనే ఖాయం చేసుకోవాలి. స్కానింగు చేసినవారు కొత్త కాన్పు తేదీని నివేదికలో రాశారు కూడా, కార్డులో మాత్రం పాత తేదీయే చివరిదాకా కొనసాగింది.

ఆ ఒక్క కొలతకు అంత విలువ ఎందుకో చెప్పాలి. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డ్ బృందం 1958లో ప్రసూతి వైద్యంలోకి అల్ట్రాసౌండును తెచ్చిన తరువాత, అదే నగరంలో హ్యూ రాబిన్సన్ 1973లో తల నుంచి పిరుదుల పొడవును బట్టి గర్భం వయసు లెక్కగట్టే పద్ధతిని చూపించాడు. తొలి మూడు నెలల్లో బిడ్డలందరూ ఇంచుమించు ఒకే వేగంతో పెరుగుతారు. తల్లి పొడవు, తిండి, రక్తపోటు, బిడ్డకు పోషణ అందించే మాయ పనితనం బిడ్డ పరిమాణాన్ని గట్టిగా ప్రభావితం చేసేది ఆ తరువాతే. అందుకే ఆ దశలో కొలిస్తే వయసు తెలుస్తుంది, అయిదో నెల దాటాక కొలిస్తే తెలిసేది పరిమాణం మాత్రమే. ఏడో నెలలో తొలిసారి స్కానింగుకు వచ్చిన గర్భిణికి యంత్రం చూపించే వారాలను వయసుగా తీసుకోవడం మన దగ్గర తరచుగా జరుగుతోంది. యంత్రం చెప్పేది ఆ కొలతలు సగటున ఏ వారం బిడ్డకు ఉంటాయన్నది, ఈ బిడ్డకు ఎన్ని వారాలు నిండాయన్నది కాదు.

సరిచేసిన లెక్క ప్రకారం మా దగ్గరికి వచ్చిన రోజున ఆమెకు 29 వారాల 1 రోజు, కార్డు ప్రకారం 30 వారాల 3 రోజులు. బిడ్డ కొలతల సగటు 27 వారాలకు సరిపోయింది. అంటే 24 రోజుల తేడాలో 9 రోజులు లెక్కవి, 15 రోజులు బిడ్డవి.

తొలి 12 వారాల్లో సవ్యంగా జరిగినవి

ఎదుగుదల తగ్గిన బిడ్డను చూసినప్పుడు మొదట అడగాల్సింది లోపం బిడ్డ నిర్మాణంలోనే ఉందా, లేక సవ్యంగా ఏర్పడిన బిడ్డకు సరఫరా తగ్గిందా అన్నది. దీనికి ఆధారాలు తొలి నెలల కాగితాల్లోనే ఉంటాయి.

అండం ఫలదీకరణ జరిగిన అయిదారు రోజులకు కణాల ముద్దగా గర్భాశయానికి చేరి, మరికొద్ది రోజుల్లో దాని లోపలి పొరలో నాటుకుంటుంది. మూడో వారంలో ఆ ముద్ద మూడు పొరలుగా విడివడుతుంది. మెదడు, వెన్నుపాము, చర్మం ఒక పొర నుంచీ, గుండె, కండరాలు, ఎముకలు, మూత్రపిండాలు మరొక పొర నుంచీ, పేగుల, ఊపిరితిత్తుల లోపలి పొరలు మూడోదాని నుంచీ తయారవుతాయి. 22వ రోజు ప్రాంతంలో గుండె కొట్టుకోవడం మొదలవుతుంది, 28వ రోజుకల్లా వెన్నుపాముగా మారే నాళం రెండు చివరలా మూసుకుపోతుంది. నెల తప్పిందని గర్భిణి గమనించి పరీక్ష చేయించుకునే సమయానికి ఈ మూసుకుపోవడం దాదాపు పూర్తయి ఉంటుంది కాబట్టి ఫోలిక్ ఆమ్లం మాత్రను గర్భానికి ముందునుంచే వేసుకోమంటాం. ఈమె ఆ మాత్రలను ఎనిమిదో వారంలో మొదలుపెట్టింది, అదృష్టవశాత్తు ఇబ్బంది రాలేదు. ఫలదీకరణ నుంచి ఎనిమిదో వారం ముగిసేసరికి ప్రధాన అవయవాలన్నిటికీ రూపం వస్తుంది, వేళ్లు విడివడతాయి. అప్పటికి బిడ్డ పొడవు సుమారు మూడు సెంటీమీటర్లు.

పన్నెండో వారం స్కానింగులో మెడ వెనుక నీటి పొర మందం 1.4 మిల్లీమీటర్లు. పుర్రె, ముక్కు ఎముక, నాలుగు కాళ్లుచేతులు, పొట్ట గోడ సవ్యంగా ఉన్నాయి. తల్లి రక్త పరీక్షతో కలిపి చూసినప్పుడు క్రోమోజోముల లోపానికి అవకాశం తక్కువని వచ్చింది. 20వ వారంలో అవయవాల స్కానింగు కూడా జరిగింది. గుండె నాలుగు గదులు, మెదడు, వెన్నెముక, మూత్రపిండాలు బాగున్నాయి, ఉమ్మనీరు తగినంత ఉంది. 16 వారాలు దాటాక ఉమ్మనీటిలో ఎక్కువ భాగం బిడ్డ మూత్రమే కాబట్టి అది తగినంత ఉండటమంటే మూత్రపిండాలు పనిచేస్తున్నాయని కూడా అర్థం. ఈ కాగితాలను దగ్గర పెట్టుకుని మేము మళ్లీ స్కానింగు చేసినప్పుడు కూడా నిర్మాణంలో లోపం గానీ, మెదడులో, కాలేయంలో ఇన్ఫెక్షన్‌ను సూచించే తెల్లని మచ్చలు గానీ కనిపించలేదు.

కుటుంబం అప్పటికే, తల్లి నుంచి బిడ్డకు సోకగల ఇన్ఫెక్షన్లను వెతికే టార్చ్ పరీక్షల పెద్ద కాగితం ఒకటి చేయించుకుని వచ్చింది. అందులో ఒకటిరెండు పాజిటివ్‌లు ఉన్నాయి, అవి ఎప్పుడో వచ్చిపోయిన ఇన్ఫెక్షన్ల ఆనవాళ్లు. స్కానింగులో ఏ సూచనా లేకుండా ఈ పరీక్షను అందరికీ రాయడం వల్ల జరిగే మేలు కన్నా కలిగే భయమే ఎక్కువని నా అభిప్రాయం.

20వ వారం నివేదిక రెండో పేజీలో మాత్రం చివరి వరుసలో ఒక మాట ఉంది: రెండు వైపులా గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహానికి నిరోధం ఎక్కువగా ఉంది. మొదటి పేజీలోని అంతా సవ్యం అన్న మాట దగ్గరే అందరూ ఆగిపోయినట్టున్నారు, ఎందుకంటే ఆ తరువాత 29వ వారం వరకు ఎదుగుదల స్కానింగు జరగలేదు.

మాయ దగ్గర ఏం జరిగింది

తల్లి గర్భాశయ గోడలో మెలికలు తిరిగిన సన్నని ధమనులు వందకు పైనే ఉంటాయి. మాయ ఏర్పడే క్రమంలో బిడ్డ వైపు కణాలు ఈ ధమనుల్లోకి చొరబడి, వాటి గోడల్లోని కండరాన్ని కరిగించి, వాటిని వెడల్పాటి, సాగే గుణమున్న, ముడుచుకోలేని నాళాలుగా మారుస్తాయి. ఇది ఇరవయ్యో వారం నాటికి చాలావరకు ముగియాలి. ఇవో బ్రోసెన్స్, ఆయన సహచరులు 1967లో ఈ మార్పును స్పష్టంగా వర్ణించారు. మా ప్రాంతం వారికి నేను ఇలా చెబుతాను: పిల్లకాలువను తవ్వి వెడల్పు చేసి, తూములు తీసేస్తేనే చివరి మడిదాకా నీరు ఒకే తీరున నెమ్మదిగా చేరుతుంది, తవ్వకం సగంలో ఆగితే నీరు ఉరవడిగా వచ్చి గట్లను కోస్తుంది, చివరి మడి ఎండుతుంది. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి 600 నుంచి 700 మిల్లీలీటర్ల రక్తం చేరాలి. ఈ నాళాలు వెడల్పు కాకుండా అది సాధ్యపడదు.

ధమనులు సరిగా మారకపోతే రెండు పరిణామాలు వస్తాయి. ఉరవడిగా వచ్చే రక్తం మాయలోని సున్నితమైన కొమ్మలను దెబ్బతీస్తుంది, వాటి ద్వారా బిడ్డకు అందే ప్రాణవాయువు, గ్లూకోజు, అమైనో ఆమ్లాలు తగ్గుతాయి. మరోవైపు ఒత్తిడికి గురైన మాయ విడుదల చేసే పదార్థాలు తల్లి రక్తనాళాల లోపలి పొరను దెబ్బతీసి రక్తపోటు పెంచుతాయి, మూత్రంలో ప్రొటీన్ పోయేలా చేస్తాయి. ముందస్తుగా కనిపించే ఎదుగుదల లోపం, గర్భవాతంగా పిలిచే ప్రీఎక్లాంప్సియా చాలాసార్లు ఒకే కడుపులో కలిసి కనిపించడానికి కారణమిదే. ఈ కేసులో మొదట ఎదుగుదల తగ్గింది, రక్తపోటు తరువాత పెరిగింది.

29 వారాల 1 రోజున చూసినవి

ఆమె పొడవు 152 సెంటీమీటర్లు, గర్భానికి ముందు బరువు సాధారణం, హిమోగ్లోబిన్ 10.8 గ్రాములు, థైరాయిడ్ పరీక్ష, 75 గ్రాముల గ్లూకోజు పరీక్ష సవ్యం, రక్తపోటు 128/84, మూత్రంలో ప్రొటీన్ లేదు. పడుకోబెట్టి టేపుతో కొలిస్తే పొత్తికడుపు ఎముక పైఅంచు నుంచి గర్భాశయం పైభాగం వరకు 24 సెంటీమీటర్లే వచ్చింది. 29వ వారంలో ఆ కొలత వారాల సంఖ్యకు రెండుమూడు సెంటీమీటర్ల అటూ ఇటులో ఉండాలి. టేపుకు ఖర్చేమీ లేదు, ప్రతి సందర్శనలో కొలిచి కార్డులోని గడిలో రాస్తే గీత ఎక్కడ వంగిందో కనిపిస్తుంది. ఈమె కార్డులో ఆ గడులు ఖాళీగా ఉన్నాయి.

స్కానింగులో తల చుట్టుకొలత 258 మిల్లీమీటర్లు, 28 వారాలకు దగ్గరగా ఉంది. తొడ ఎముక 49 మిల్లీమీటర్లు. పొట్ట చుట్టుకొలత 215 మిల్లీమీటర్లు, 26 వారాలదే. అంచనా బరువు 935 గ్రాములు, 29 వారాల బిడ్డల్లో వంద మందిని బరువు వరుసలో నిలబెడితే అడుగునుంచి మూడో స్థానం కన్నా కింద. తల కన్నా పొట్ట ఎక్కువ వెనుకబడటంలో అర్థముంది. బొడ్డుతాడు సిర ద్వారా మాయ నుంచి వచ్చే రక్తంలో ఒక భాగం కాలేయంలోకి వెళుతుంది, మిగిలినది పక్కదారి నాళం గుండా నేరుగా గుండెకు చేరుతుంది. సరఫరా తగ్గినప్పుడు బిడ్డ శరీరం కాలేయానికి కోత పెట్టి, పక్కదారిన గుండెకూ మెదడుకూ ఎక్కువ పంపుతుంది. కాలేయంలో నిల్వ ఉండాల్సిన గ్లైకోజెన్ కరిగిపోతుంది, చర్మం కింద చేరాల్సిన కొవ్వు చేరదు, పొట్ట సన్నబడుతుంది.

రక్తప్రవాహపు డాప్లర్ పరీక్ష దీన్నే మరోవిధంగా చూపించింది. బొడ్డుతాడు ధమనిలో నిరోధం పరిమితి దాటి ఉంది, అయినా గుండె రెండు దెబ్బల మధ్య ప్రవాహం ఇంకా ముందుకే సాగుతోంది. మెదడులోని మధ్య ధమనిలో నిరోధం ఉండాల్సినదాని కన్నా తక్కువ, అంటే మెదడును కాపాడుకునే ప్రయత్నం మొదలైంది. కాలేయం పక్కదారి నాళంలో ప్రవాహం సవ్యం. ఉమ్మనీరు తక్కువ వైపు ఉన్నా పరిమితిలోనే ఉంది. అన్నీ కలిపి చూసి ముందస్తు ఎదుగుదల లోపం, కారణం మాయ వైఫల్యం అని నిర్ధారించాం. క్రోమోజోముల కోసం ఉమ్మనీటి పరీక్ష గురించి దంపతులతో మాట్లాడాం. నిర్మాణ లోపం లేకపోవడం, గర్భాశయ ధమనుల నిరోధం కారణాన్ని చూపిస్తుండటం వల్ల అది అవసరం లేదనుకున్నాం.

సహజంగా చిన్న బిడ్డలూ ఉంటారు. చిన్న తల్లికి చిన్న బిడ్డ పుట్టడం రోగం కాదు, ఆ బిడ్డ తన గీత మీద తాను పెరుగుతూనే ఉంటుంది. అందుకే ఒక రోజు బరువు కన్నా రెండు వారాల తేడాతో తీసిన రెండు బరువులు ఎక్కువ చెబుతాయి. స్కానింగు బరువులో పది పదిహేను శాతం పొరపాటు ఉండే వీలుంది కాబట్టి వారానికోసారి బరువు చూడటం వల్ల కంగారే తప్ప ఉపయోగం లేదు, ప్రవాహాన్ని మాత్రం తరచుగా చూడాలి.

ఎనిమిదో నెల మాట

ఇక్కడే కుటుంబంతో అసలు చర్చ మొదలైంది. ఆమె తల్లి నన్ను పక్కకు పిలిచి, "ఏడో నెల్లోనే తీసేయండి మేడమ్‌గారూ, ఎనిమిదో నెల బిడ్డ నిలవదంటారండి," అంది. కార్డు లెక్కలో మరునాడో ఎల్లుండో ఎనిమిదో నెల పడుతుంది, అందుకే ఆ తొందర. ఏడో నెల బిడ్డ బతుకుతుంది, ఎనిమిదో నెల బిడ్డ బతకదు అన్న నమ్మకం మన ఊళ్లలోనే కాదు, ప్రాచీన గ్రీకు వైద్యుల్లో కూడా ఉండేది. దానికి కారణం ఏమై ఉంటుందని నేను చాలాసార్లు అనుకున్నాను. మాయ వైఫల్యం, గర్భవాతం బలపడి బిడ్డ ప్రాణం మీదికి వచ్చేది తరచు ఎనిమిదో నెలలో, కాబట్టి ఆ నెలలో పుట్టినవారిలో అప్పటికే నలిగిపోయిన బిడ్డలు ఎక్కువగా కనిపించి ఉంటారన్నది నా ఊహ మాత్రమే. శరీర నిర్మాణం వైపు నుంచి చూస్తే మాత్రం ఆ నమ్మకానికి ఆధారం లేదు.

ఆమెకు చెప్పింది ఇదీ. 29 వారాల బిడ్డ ఊపిరితిత్తుల్లో గాలి గదులు ఇంకా మొరటు సంచుల్లా ఉంటాయి. ఆ గదులు ఊపిరి వదిలినప్పుడు అతుక్కుపోకుండా కాపాడే సర్ఫాక్టెంట్ అనే పదార్థం 24వ వారం ప్రాంతంలో తయారవడం మొదలైనా తగినంతగా చేరేది 34, 35 వారాలకే. మెదడు ఉపరితలం అప్పటికి చాలావరకు నునుపుగా ఉంటుంది, ముడతలు ఎక్కువగా పడేది ఆ తరువాతే. మెదడు లోపలి గదుల గోడల వెంట సులువుగా చిట్లే రక్తనాళాల పొర ఒకటి ఉంటుంది, అది 32 నుంచి 34 వారాల మధ్య కరిగిపోతుంది, అంతవరకు పుట్టిన బిడ్డకు మెదడులో రక్తస్రావం జరిగే ముప్పు ఎక్కువ. పీల్చడం, మింగడం, ఊపిరి తీయడం మూడింటినీ కలిపి చేసే నేర్పు 34వ వారం దగ్గర వస్తుంది. తల్లి నుంచి రోగనిరోధక ప్రతిదేహాలు, ఇనుము ఎక్కువగా చేరేది చివరి మూడు నెలల్లోనే. కాబట్టి ఎనిమిదో నెలలోకి వెళ్లే ప్రతి వారమూ బిడ్డకు ఆస్తి, ప్రవాహం అనుమతించినంత వరకు.

ఆ చివరి షరతు మీదే మా పని అంతా నడిచింది. యూరప్‌లో జరిగి 2015లో ఫలితాలు వెలువడిన ట్రఫుల్ అధ్యయనం, 32 వారాల లోపు ఇలాంటి బిడ్డల విషయంలో కాలేయ పక్కదారి నాళంలోని మార్పునూ గుండె లయ నమోదునూ ఆధారంగా తీసుకుని వేచి ఉండటం వల్ల బతికిన పిల్లల నాడీ వికాసానికి మేలు జరగవచ్చని చూపించింది. వేచి ఉండటమంటే ఇంటి దగ్గర వేచి ఉండటం కాదు, అందుకు తగిన పర్యవేక్షణ కావాలి.

గ్లూకోజు సీసాలు ఎక్కించమని, ప్రొటీన్ పొడి రాయమని కూడా అడిగారు. మాయ దాటించలేని పోషకాన్ని తల్లి రక్తంలో పెంచితే బిడ్డకు చేరదు. ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లం పొట్లాలు, పూర్తి మంచం విశ్రాంతి కూడా ఈ స్థితిని మార్చినట్టు నమ్మదగ్గ రుజువు లేదు. రక్తనాళాలను వెడల్పు చేస్తుందన్న ఆశతో సిల్డెనాఫిల్‌ను పరీక్షించిన నెదర్లాండ్స్ అధ్యయనాన్ని నవజాత శిశువుల మరణాల కారణంగా 2018లో ఆపేశారు. అయినా ఆ మందు రాసిన చీటీలు ఇప్పటికీ నా టేబుల్ మీదికి వస్తున్నాయి. ఆమెకు మామూలు తిండి కడుపునిండా తినమని చెప్పాం. తక్కువ తింటే బిడ్డ చిన్నదై కాన్పు సులువవుతుందని ఎవరో చెప్పగా ఆమె రాత్రి అన్నం మానేసిందని అప్పుడే తెలిసింది. ఈ కేసులో ఎదుగుదల తగ్గడానికి అది కారణం కాదు, అయినా ఆ అలవాటు మాన్పించాం.

30 నుంచి 32 వారాలు

30 వారాల 2 రోజులకు బొడ్డుతాడు ధమనిలో గుండె దెబ్బల మధ్య ప్రవాహం ఆగిపోయింది. రక్తపోటు 142/92. ఆసుపత్రిలో చేర్చుకుని రక్తపోటు తగ్గించే లాబెటలాల్ మొదలుపెట్టి, రోజుకు రెండుసార్లు బిడ్డ గుండె లయ నమోదు, రోజు విడిచి రోజు డాప్లర్ చూశాం. బిడ్డ కదలికలను ఆమెనే లెక్కపెట్టుకోమన్నాం. ఊపిరితిత్తుల కోసం ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లను అప్పుడే ఇవ్వాలా అన్నదానిపై మా బృందంలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. ఇచ్చిన తరువాత ఏడు రోజుల లోపు కాన్పయితేనే వాటి ప్రయోజనం పూర్తిగా అందుతుంది. పైగా అవి కొద్దిరోజులు బొడ్డుతాడు ప్రవాహాన్ని మెరుగైనట్టు చూపించి అసలు స్థితిని కప్పేయగలవు. కాలేయ పక్కదారి నాళంలో ప్రవాహం ఇంకా బాగుండటంతో ఆపి ఉంచాం.

31 వారాల 1 రోజున అంచనా బరువు 1,110 గ్రాములు. రెండు వారాల్లో పెరిగింది 175 గ్రాములు, ఆ వయసు బిడ్డ సాధారణంగా ఒక్క వారంలోనే అంత పెరుగుతుంది. 31 వారాల 4 రోజులకు రక్తపోటు 160/110కి చేరింది, మూత్రంలో ప్రొటీన్ కనిపించింది, బొడ్డుతాడు ధమనిలో ప్రవాహం కొన్నిసార్లు వెనక్కు మళ్లుతోంది, పక్కదారి నాళంలో నిరోధం పెరిగింది. తల్లి రక్త పరీక్షలు, బిడ్డ గుండె లయ నమోదు ఇంకా సవ్యంగా ఉన్నాయి. స్టెరాయిడ్లకు సమయం ఉంది, అంతకన్నా ఎక్కువ లేదు.

భారత ప్రభుత్వం 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్‌ను 6 మిల్లీగ్రాముల చొప్పున 12 గంటలకు ఒకటిగా నాలుగు మోతాదులు ఇచ్చాం. న్యూజీలాండ్‌లోని ఆక్లండ్‌లో ప్రసూతి వైద్యుడు లిగిన్స్ గొర్రెపిల్లల మీద పరిశోధిస్తూ, నెలలు నిండకుండా పుట్టినా స్టెరాయిడ్ అందిన గొర్రెపిల్లలు ఊపిరి తీస్తుండటం గమనించాడు. పిల్లల వైద్యుడు హౌవీతో కలిసి 1972లో మనుషుల మీద ఫలితాలు ప్రచురించాడు. నెలలు నిండని కాన్పుల్లో ఇంత చవకగా ఇన్ని ప్రాణాలు కాపాడిన మందు మరొకటి చెప్పడం కష్టం. తల్లికి మూర్ఛ రాకుండా, బిడ్డ మెదడుకు రక్షణగా మెగ్నీషియం సల్ఫేట్ ఇచ్చాం. నాలుగో మోతాదు తరువాత, 32 వారాలు నిండిన రోజున సిజేరియన్ చేశాం. ప్రవాహం వెనక్కు మళ్లుతున్న బిడ్డ నొప్పుల ఒత్తిడిని తట్టుకోదు కాబట్టి మామూలు కాన్పుకు ప్రయత్నించలేదు.

పుట్టిన తరువాత

ఆడపిల్ల, 1,140 గ్రాములు. వెంటనే ఏడ్చింది. ఒక నిమిషం ఆగి బొడ్డు కత్తిరించాం. చర్మం వదులుగా, తొడల మీద ముడతలు పడి ఉంది, తల మాత్రం శరీరానికి పెద్దదిగా కనిపించింది. మెదడును కాపాడుకోవడానికి మిగతా శరీరం పడ్డ కోత కంటికి తెలిసే తీరు అది. ముక్కు ద్వారా ఒత్తిడితో గాలి అందించే సీపాప్ మీద రెండు రోజులు ఉంది, సర్ఫాక్టెంట్ అవసరం పడలేదు. మొదటి రోజే రెండుసార్లు చక్కెర తగ్గింది, కాలేయంలో నిల్వలు లేని బిడ్డకు ఇది ఎదురుచూసినదే.

పాలు మొదలుపెట్టడంలో నవజాత శిశు వైద్యులు చాలా నిదానంగా నడిచారు. గర్భంలో రక్తం మెదడుకు మళ్లినప్పుడు పేగులకు తగ్గుతుంది, అలాంటి పేగుల్లోకి తొందరపడి పాలు పంపితే పేగు పొర కుళ్లే ప్రమాదముంది. తల్లి చేత్తో పిండిన పాలను మిల్లీలీటర్ లెక్కన ట్యూబు ద్వారా ఇచ్చారు. బిడ్డ స్థిమితపడగానే తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే కంగారూ సంరక్షణ మొదలైంది. మొదట ఆ బిడ్డను ముట్టుకోవడానికి భయపడిన అమ్మమ్మ, కూతురు నిద్రపోయే వేళల్లో తానే కట్టుకుని కూర్చునేది. 1,200 గ్రాముల లోపు బరువు కాబట్టి కంటి తెరకు పరీక్షను నాలుగో వారం దాకా ఆపకుండా మూడో వారంలోనే చేయించారు, లోపం కనిపించలేదు. బరువు 1,800 గ్రాములు దాటి, రొమ్ము పట్టి తాగడం వచ్చాక ఇంటికి పంపారు.

ఎదుగుదలను పుట్టిన తేదీ నుంచి కాకుండా నెలలు నిండే తేదీ నుంచి లెక్కపెట్టుకోవాలని తల్లిదండ్రులకు కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ తేదీ ఏది అన్న ప్రశ్న మళ్లీ వచ్చింది, కార్డులోనిదాన్ని కొట్టేసి 52 మిల్లీమీటర్ల కొలత నుంచి వచ్చిన తేదీని రాశాం. బరువు త్వరగా పెంచాలని పోతపాలు, చక్కెర నీళ్లు కలపవద్దని కూడా చెప్పాం. గర్భంలో కొరతతో పెరిగి, తరువాత వేగంగా లావెక్కిన పిల్లలకు పెద్దయ్యాక మధుమేహం, రక్తపోటు ముప్పు ఎక్కువని బ్రిటిష్ వైద్యుడు డేవిడ్ బార్కర్ మొదలుపెట్టిన చర్చ మన దేశంలో పుణెలో సాగిన అధ్యయనాల్లో బలపడింది. పుట్టినప్పుడు సన్నగా కనిపించే భారతీయ శిశువుల శరీరంలో కొవ్వు భాగం బరువుతో పోలిస్తే ఎక్కువగా ఉండటం అక్కడ గమనించారు.

మాయ బరువు 205 గ్రాములు, 32 వారాలకు తక్కువే. కోసి చూస్తే మూడుచోట్ల రక్తం అందక చచ్చుబడిన పాలిపోయిన ముక్కలు ఉన్నాయి. సూక్ష్మదర్శిని నివేదికలో తల్లి వైపు రక్తప్రసరణ లోపం, వయసుకు మించి ముదిరిన కొమ్మలు, వెడల్పు కాని ధమనులు కనిపించాయి. స్కానింగు గదిలో వేసిన అంచనాకు అది సరిపోయింది. ప్రతి ఎదుగుదల లోపం కేసులో మాయను పరీక్షకు పంపాలి, చాలాచోట్ల అది బకెట్‌లోకి పోతోంది.

తల్లి రక్తపోటు పది రోజుల్లో సర్దుకుంది. మాయ వైఫల్యంతో 34 వారాల లోపు కాన్పయినందున రక్తం గడ్డకట్టే గుణాన్ని పెంచే ఆంటీఫాస్ఫోలిపిడ్ ప్రతిదేహాల కోసం కాన్పయిన 12 వారాలకు పరీక్ష చేయించాం, లేవని తేలింది. మలి గర్భానికి ఆమె ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో ఇలా రాసి ఉంది: గర్భానికి ముందే ఫోలిక్ ఆమ్లం, నెల తప్పగానే స్కానింగు, 16 వారాల లోపే మొదలుపెట్టి తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాత్రిపూట, 20వ వారంలో గర్భాశయ ధమనుల డాప్లర్, 24, 28, 32 వారాల్లో ఎదుగుదల స్కానింగు, పుట్టింటికి వెళ్లినా ఈ ఫైలు వెంట ఉండాలి.